మీ డ్రాయర్‌లో పాత ఫోన్: చెత్తా, గనా? వైజాగ్ నుంచి ఒక లెక్క

పోయిన నెల ఒక ఆదివారం మా అమ్మ నా టేబుల్ డ్రాయర్ లాగి ఒక్క కేక వేసింది. "ఒరేయ్, ఇన్ని ఫోన్లేంట్రా! పాత బట్టలైతే స్టీలు సామాన్లవాడికి వేసి గిన్నె అయినా తీసుకునేదాన్ని. వీటికి చెంచా కూడా ఇవ్వడు" అంది.

లెక్కపెడితే ఆరు. బీటెక్ మొదటి ఏడాదిలో నాన్న కొనిచ్చిన ఫోన్, డిస్‌ప్లే పగిలినవి రెండు, బ్యాటరీ ఉబ్బినది ఒకటి, అప్‌డేట్లు ఆగిపోయాయని పక్కన పెట్టినది ఒకటి, ఏ లోపమూ లేకుండానే "ఇది స్లో అయింది" అని నాకు నేను చెప్పుకుని మార్చేసినది ఒకటి. ఆ చివరిది చూసినప్పుడు మాత్రం కాస్త సిగ్గేసింది.

సోమవారం ఆఫీసులో లంచ్ దగ్గర ఈ విషయం చెప్పి, వాటిలో రెండింటిని బాగు చేయిద్దామనుకుంటున్నా అన్నాను. మా టీమ్‌లో ఒకడు వెంటనే అందుకున్నాడు. "అందరూ నీలాగే పాతవి బాగు చేయించుకుంటే కొత్తవి ఎవడు కొంటాడు గురూ? ఫ్యాక్టరీలు ఏమవ్వాలి? జీడీపీ ఏమవ్వాలి? నువ్వు రివ్యూలు ఎవరికి రాస్తావు?"

నవ్వేశాం గానీ ప్రశ్న మాత్రం వదల్లేదు. రీసైక్లింగ్ పర్యావరణానికి మంచిదని స్కూల్లోనే చదువుకున్నాం. దాంతో దేశం ఆర్థికంగా పెరుగుతుందా, తగ్గుతుందా? దీని గురించి మన టెక్ సైట్లలో పెద్దగా మాట్లాడుకోం. అందుకే ఈసారి కొత్త ఫోన్ రివ్యూ కాకుండా, నా డ్రాయర్ రివ్యూ.

ముందు స్పెసిఫికేషన్స్ చూద్దాం

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చాలాకాలంగా చెప్పే ఒక లెక్క ఉంది. పది లక్షల మొబైల్ ఫోన్లు రీసైకిల్ చేస్తే దాదాపు 15,900 కిలోల రాగి, 350 కిలోల వెండి, 34 కిలోల బంగారం, 15 కిలోల పల్లాడియం వస్తాయి. అది పాత తరం ఫోన్ల లెక్క. ఇప్పటి మోడల్స్‌లో కొంత అటూ ఇటూ ఉంటుంది. అయినా అంచనాకి సరిపోతుంది.

అంటే ఒక్కో ఫోన్‌లో సుమారు 34 మిల్లీగ్రాముల బంగారం, 16 గ్రాముల రాగి. నా ఆరు ఫోన్లలో కలిపి 200 మిల్లీగ్రాముల బంగారం. గ్రాము పదివేలు అనుకుందాం. రెండు వేల రూపాయలు. అమ్మకి ఈ లెక్క చెబితే "మరి ఇంకేం, తియ్యి" అంది.

తియ్యలేం. ఇంట్లో యాసిడ్ పోసి తీసే వీడియోలు నెట్‌లో బోలెడు ఉన్నాయి, దయచేసి వాటి జోలికి పోకండి. అయితే ఇదే లెక్కని పెద్ద స్థాయిలో చూడండి. ఫోన్ 180 గ్రాములు అనుకుంటే టన్నుకి ఐదున్నర వేల ఫోన్లు. వాటిలో బంగారం సుమారు 190 గ్రాములు. బంగారు గనిలో టన్ను ఖనిజానికి ఐదారు గ్రాములు దొరికితేనే మంచి గని అంటారు. దీన్నే "అర్బన్ మైనింగ్" అంటున్నారు. గని కొండల్లో లేదు, మన డ్రాయర్లలో ఉంది.

మన దేశం వాడే బంగారంలో దాదాపు అంతా దిగుమతే. 2018లో తూత్తుకుడి రాగి కర్మాగారం మూతపడ్డాక శుద్ధి చేసిన రాగి కూడా ఎగుమతుల కంటే దిగుమతులే ఎక్కువయ్యాయి. డాలర్లు పోసి ఒకసారి తెచ్చుకున్న లోహాన్ని డ్రాయర్లో పడేసి, మళ్ళీ డాలర్లు పోసి అదే లోహం తెచ్చుకుంటున్నామన్నమాట.

నాన్న చెప్పిన పాఠం

మా నాన్న స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యారు. "సర్క్యులర్ ఎకానమీ" అనే మాట నేను ఆయనకి చెప్పబోతే, "దానికి ఇంత పెద్ద పేరెందుకురా, ప్లాంట్‌లో మేం రోజూ చేసిందే కదా" అన్నారు.

ఆయన చెప్పినవి ఇవి. బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఇనుము కరిగేటప్పుడు పైన తేలే మడ్డిని స్లాగ్ అంటారు. దాన్ని నీళ్లతో ఒక్కసారిగా చల్లబరిస్తే ఇసుకలాంటి రవ్వ అవుతుంది. అది సిమెంటు కంపెనీలకి ముడిసరుకు. కోక్ ఓవెన్ నుంచి ఎర్రగా కాలుతూ బయటికొచ్చే కోక్‌ని మామూలుగా నీళ్లు పోసి చల్లారుస్తారు, ఆ వేడంతా ఆవిరై గాల్లో కలిసిపోతుంది. వైజాగ్‌లో నీళ్లకి బదులు నైట్రోజన్ వాయువుతో చల్లార్చి, ఆ వేడితో ఆవిరి పుట్టించి కరెంటు తీస్తారు. బ్లాస్ట్ ఫర్నేస్ పైనుంచి ఒత్తిడితో వచ్చే గ్యాస్‌తోనూ టర్బైన్ తిప్పుతారు. రోలింగ్‌లో తెగిన ముక్కలు, పాడైన బిల్లెట్లు బయటికి పోవు. ఉక్కు తయారుచేసే కన్వర్టర్‌లోకి తిరిగి వెళతాయి. అక్కడ ఆక్సిజన్ ఊదినప్పుడు వేడి విపరీతంగా పెరుగుతుంది కాబట్టి, దాన్ని అదుపులో పెట్టడానికి తుక్కు వెయ్యడం అవసరం కూడా.

"ఇదంతా పర్యావరణం కోసమేనా?" అని అడిగాను. "ఖర్చు కోసం. పారేస్తే నష్టం, వాడితే లాభం. అంతే" అన్నారు.

వైజాగ్ వాళ్లకి ఇది ఉత్త కబుర్ కాదు. "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అని 1966లో ప్రాణాలిచ్చి సాధించుకున్న ప్లాంట్ ఇది. 1971లో శంకుస్థాపన, 1992లో జాతికి అంకితం. ఏటా 73 లక్షల టన్నుల సామర్థ్యం. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మూడు బ్లాస్ట్ ఫర్నేస్‌లు. కానీ సొంత ఇనుప గనులు లేవు. ఖనిజం కొనుక్కోవాలి, కోకింగ్ కోల్ ఎక్కువభాగం విదేశాల నుంచి ఓడల్లో రావాలి. అక్కడ ధర పెరిగితే ఇక్కడ ఉక్కునగరంలో నిద్ర పట్టదు. 2021లో ప్రైవేటీకరణ నిర్ణయం, దాని మీద ఉద్యమం, 2025 జనవరిలో కేంద్రం ప్రకటించిన 11,440 కోట్ల ప్యాకేజీ మనందరికీ తెలిసినవే. ప్లాంట్ కష్టాలకి కారణాలు చాలా ఉన్నాయి. ముడిసరుకు ఖర్చు వాటిలో పెద్దది.

ఇప్పుడు ఈ అంకె చూడండి. ప్రపంచ ఉక్కు సంఘం లెక్క ప్రకారం ఒక టన్ను తుక్కు ఇనుము తిరిగి వాడితే 1.4 టన్నుల ఖనిజం, 740 కిలోల బొగ్గు, 120 కిలోల సున్నపురాయి మిగులుతాయి. ఒకటిన్నర టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలవకుండా ఆగుతుంది. మన దగ్గర బొగ్గు మిగలడం అంటే దిగుమతి బిల్లు మిగలడమే.

అలాగని తుక్కుతోనే మన ప్లాంట్ నడిచిపోతుందని నేను అనను. బ్లాస్ట్ ఫర్నేస్ దారిలో కన్వర్టర్‌లోకి తుక్కు కొంతవరకే వెయ్యగలం. పూర్తిగా తుక్కుతో ఉక్కు చెయ్యాలంటే ఎలక్ట్రిక్ ఫర్నేస్‌లు కావాలి, అది వేరే పెట్టుబడి. పైగా మన దేశంలో అంత తుక్కు లేదు. ఏటా లక్షల టన్నులు దిగుమతి చేసుకుంటున్నాం. అంటే పాత ఇనుము చెత్త కాదు, ఓడలెక్కి వచ్చే సరుకు.

పోర్టు దగ్గర నిలబడి చూస్తే

వైజాగ్ పోర్టు 1933లో మొదలైంది. 1960లలో బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని జపాన్‌కి పంపడానికే కొత్తవలస – కిరండోల్ రైలుమార్గం వేశారు. అరకు వెళ్లేటప్పుడు మనం సొరంగాలు లెక్కపెట్టుకుంటూ వీడియోలు తీసుకునే లైన్ అదే. మన కొండ అలా వ్యాగన్లలో దిగి, ఓడెక్కి జపాన్ వెళ్లి ఉక్కయింది.

అదే జపాన్ 2017 నుంచి 2019 వరకు దేశమంతా డబ్బాలు పెట్టి పాత ఎలక్ట్రానిక్స్ సేకరించింది. దాదాపు 79 వేల టన్నుల చిన్న పరికరాలు, వాటితో పాటు 62 లక్షల మొబైల్ ఫోన్లు. వాటినుంచి 32 కిలోల బంగారం, 3,500 కిలోల వెండి, 2,200 కిలోల కంచు తీసి టోక్యో ఒలింపిక్స్ మెడల్స్ అన్నీ చేసింది. నీరజ్ చోప్రా మెడలో పడిన బంగారు పతకం పూత కూడా పాత గాడ్జెట్లలోంచి వచ్చిందే.

సొంత గనులు పెద్దగా లేని దేశం కాబట్టి జపాన్‌కి ఒకసారి లోపలికి వచ్చిన లోహం విలువ తెలుసు. మనకి కొండలున్నాయి కాబట్టి ఇంకా తెలియట్లేదేమో.

మరి జీడీపీ సంగతి?

ఇప్పుడు లంచ్ టేబుల్ ప్రశ్నకి వద్దాం. ముందుగా జీడీపీ ఎలా లెక్కపెడతారో ఒక్క ముక్క. దేశం లోపల కొత్తగా చేరిన విలువే జీడీపీ. దిగుమతి చేసుకున్న భాగాన్ని తీసేస్తారు.

నేను ఇరవై వేలు పెట్టి కొత్త ఫోన్ కొన్నాననుకోండి. అది ఇండియాలో అసెంబుల్ అయినా, చిప్, డిస్‌ప్లే, మెమరీ లాంటి ఖరీదైన భాగాల్లో చాలావరకు బయటినుంచే వస్తాయి. ఆ మేరకు డబ్బు బయటికే పోతుంది. ఇక్కడ మిగిలేది అసెంబ్లీ జీతాలు, రవాణా, షాపు మార్జిన్, పన్ను.

అదే ఫోన్‌కి జగదాంబ జంక్షన్ దగ్గర బ్యాటరీ మార్పించాను. 1,800 తీసుకున్నాడు. అందులో వెయ్యి బ్యాటరీకి, 800 తన పనికి అని తనే చెప్పాడు. ఆ 800 పూర్తిగా వైజాగ్‌లోనే ఉంది. మొత్తం చిన్నదే. కానీ ఖర్చుపెట్టిన ప్రతి రూపాయిలో ఎంత మన ఊళ్లో మిగిలింది అని చూస్తే రిపేరుదే పైచేయి కావచ్చు.

సెకండ్ హ్యాండ్ ఫోన్ అమ్మితే? దాని ధర జీడీపీలోకి రాదు, ఎందుకంటే అది ఒకసారి లెక్కలోకి వచ్చేసింది. మధ్యలో బాగు చేసి అమ్మినవాడి మార్జిన్ మాత్రమే వస్తుంది. ఇక డ్రాయర్లో పడి ఉన్న ఫోన్? దానివల్ల జీడీపీ పెరగదు, తగ్గినట్టూ కనిపించదు. అసలు తిరకాసు అక్కడే ఉంది. పారేసిన లోహాన్ని నష్టం కింద రాసుకునే గడి ఆ లెక్కలో లేదు. మా నాన్న ప్లాంట్ ఖాతాలో ఉంది, దేశం ఖాతాలో లేదు.

కాబట్టి మావాడి వాదనలో సగం నిజం ఉంది. అందరం ఫోన్లు ఎక్కువకాలం వాడితే కొత్తవాటి అమ్మకాలు తగ్గుతాయి. మన రాష్ట్రంలోనే శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ 2015 నుంచి ఫోన్లు తయారుచేస్తోంది. ఆ లైన్ల మీద పనిచేసేవాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలు, పల్లెల నుంచి వచ్చి మొదటి జీతం అక్కడే అందుకున్నవాళ్లు. వాళ్ల ఉద్యోగాన్ని లెక్కలోకి తీసుకోకుండా "కొత్తది కొనకండి" అనేయడం ఏసీ గదిలో కూర్చున్న నాకు తేలిక.

కానీ మిగతా సగం తప్పు. పెరుగుదల అంటే అమ్ముడైన ఫోన్ల సంఖ్య కాదు, ఇక్కడ చేరిన విలువ. పాత బోర్డు నుంచి తీసిన రాగి రేపు అదే ఫ్యాక్టరీకి వైరుగా వెళ్లొచ్చు. స్క్రీన్ మార్చేవాడు, రీఫర్బిష్ చేసేవాడు, బ్యాటరీ పరీక్షించేవాడు, బోర్డులు విడదీసేవాడు, లోహం శుద్ధి చేసే కెమికల్ ఇంజనీరు, వీళ్లవన్నీ ఉద్యోగాలే. పైగా అవి పాత సరుకు ఉన్న ప్రతి ఊళ్లోనూ పుడతాయి.

ఇంకో మెలిక కూడా చెప్పాలి. రీసైకిల్ చేసిన సరుకు, సెకండ్ హ్యాండ్ ఫోన్లు చవగ్గా దొరికితే మనం కొత్తదానికి బదులుగా అవి కొంటామని గ్యారంటీ లేదు. కొత్తది కొని, "గేమింగ్‌కి ఇంకోటి ఉండనీ" అని పాతదీ కొంటాం. ఆర్థికవేత్తలు దీన్ని రీబౌండ్ ఎఫెక్ట్ అంటారు. నా డ్రాయరే దానికి సాక్ష్యం. రీసైక్లింగ్ దానంతట అదే భూమిని కాపాడదు. కొత్త తవ్వకానికి బదులుగా వాడితేనే లాభం.

గొలుసు ఎక్కడ తెగుతోంది?

ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన ఈ-వేస్ట్ 6.2 కోట్ల టన్నులు. అందులో పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు రికార్డులో ఉన్నది 22.3 శాతమే. ఆ మొత్తంలో ఉన్న లోహాల విలువ 9,100 కోట్ల డాలర్లు.

స్టీల్ ప్లాంట్‌లో ఈ పని ఎందుకు జరుగుతుంది, ఫోన్ల దగ్గర ఎందుకు జరగదు? ప్లాంట్‌లో స్లాగ్ ఒకేచోట, రోజూ, గుట్టగా వస్తుంది. దానిలో ఏముందో ముందే తెలుసు. ఫోన్లు అలా కాదు. లక్ష ఇళ్లలో లక్ష డ్రాయర్లు, ఒక్కో మోడల్ ఒక్కో రకం, పదుల రకాల మూలకాలు జిగురుతో అతికించి ఉంటాయి. సేకరణ ఖర్చే సగం లాభం తినేస్తుంది.

నిజానికి సేకరణలో అందరికంటే ఆరితేరినవాళ్లు మన వీధుల్లో బండి మీద తిరిగే పాత సామాన్లవాళ్లే. ఏ యాప్ కూడా వాళ్లంత బాగా ఇల్లిల్లూ తిరగలేదు. సమస్య ఆ తర్వాత వస్తుంది. బోర్డులు చేతులు మారి, ఎక్కడో ఊరిచివర కాల్చి, యాసిడ్‌లో ముంచి రాగి, బంగారం తీస్తారు. సీసం మట్టిలోకి, విషపు పొగ వాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పైగా అలా తీస్తే సగం లోహాలు పోతాయి కూడా. లాభం నాలుగు రూపాయలు, నష్టం పేదవాడి ఒంటికి.

చట్టం లేదా అంటే ఉంది. ఈ-వేస్ట్ నిబంధనలు 2022, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఫోన్ అమ్మే బ్రాండే దాని రీసైక్లింగ్ బాధ్యత కూడా తీసుకోవాలి. దీన్ని ఈపీఆర్ అంటారు. మొదటి రెండేళ్లు 60 శాతం, తర్వాతి రెండేళ్లు 70, 2027-28 నుంచి 80 శాతం లక్ష్యం. రిజిస్టర్డ్ రీసైక్లర్ తీసిన బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము లెక్కన సర్టిఫికెట్లు పుడతాయి, వాటిని బ్రాండ్లు కొనాలి. కన్స్యూమర్ ఎలక్ట్రానిక్స్‌కి కిలోకి కనీసం 22 రూపాయలు చెల్లించాలని ప్రభుత్వం అంటే, అది చాలా ఎక్కువని కొన్ని పెద్ద కంపెనీలు కోర్టుకెళ్లాయి. అంటే గొడవంతా ఇప్పుడు ఒక్క ప్రశ్న మీదే: ఈ ఖర్చు ఎవరిది?

మంచి కబుర్లూ ఉన్నాయి. హైదరాబాద్‌లోని సీ-మెట్ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సర్క్యూట్ బోర్డుల నుంచి, లిథియం బ్యాటరీల నుంచి లోహాలు తీసే పద్ధతుల మీద పనిచేస్తోంది. 2025 సెప్టెంబర్‌లో కేంద్రం కీలక ఖనిజాల రీసైక్లింగ్‌కి 1,500 కోట్ల ప్రోత్సాహక పథకం ఆమోదించింది. పోర్టు, ఉక్కు, లోహాల మీద పట్టున్న ఇంజనీర్లు, నాన్నలాంటి రిటైర్డ్ నిపుణులు అందరూ ఒకేచోట ఉన్న మా ఊరికి ఇందులో వాటా ఎందుకు ఉండకూడదు? ఐటీ కంపెనీల కోసం ఎదురుచూసినంత ఆశగా మేం ఈ పరిశ్రమ కోసం కూడా ఎదురుచూడొచ్చు.

గాడ్జెట్ ప్రియులుగా మనం చేసేది

చక్రంలో చిన్న చుట్టు ఎప్పుడూ చవక. బాగు చేసి వాడటం అన్నిటికంటే చిన్న చుట్టు, తర్వాత వేరేవాళ్లకి ఇవ్వడం, చివరిది కరిగించడం. ఈ క్రమం గుర్తుంచుకుంటే చాలు.

కొనేటప్పుడు: ప్రాసెసర్ స్కోర్లతో పాటు ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారు, బ్యాటరీ మార్చడానికి ఎంత, స్క్రీన్ ఎంత, స్పేర్లు మన ఊళ్లో దొరుకుతాయా అని అడగండి. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి ఇది చట్టమే. అక్కడ అమ్మే ఫోన్ బ్యాటరీ 800 ఛార్జింగ్ సైకిల్స్ తర్వాత కూడా కనీసం 80 శాతం సామర్థ్యంతో ఉండాలి, మోడల్ అమ్మకం ఆపేశాక కూడా ఏడేళ్లపాటు స్పేర్లు దొరకాలి. అదే ఫోన్ ఇక్కడా అమ్ముతున్నప్పుడు మనం ఎందుకు అడగకూడదు?

వదిలించుకునేటప్పుడు: అకౌంట్ల నుంచి లాగౌట్ అయి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి, సిమ్, మెమరీ కార్డు తీసేయండి. ఉబ్బిన బ్యాటరీ ఉన్న ఫోన్‌ని ఛార్జింగ్ పెట్టకండి, నొక్కకండి, చెత్తబుట్టలో అసలే వెయ్యకండి. కాలుష్య నియంత్రణ మండలి దగ్గర రిజిస్టరైన రీసైక్లర్‌కో, బ్రాండ్ సేకరణ కేంద్రానికో ఇచ్చి రసీదు అడగండి. నేను ఒకసారి ఎక్స్ఛేంజ్‌లో ఒక ఫోన్ ఇచ్చి 450 రూపాయలు తీసుకున్నాను. ఆ ఫోన్ తర్వాత ఎక్కడికెళుతుందని అడిగితే తీసుకెళ్లినతను "మాకు తెలీదు సార్" అన్నాడు. రసీదు అడగాలని నాకు అప్పుడే తట్టింది.

నా ఆరు ఫోన్ల సంగతి చెప్పి ముగిస్తాను. స్లో అయిందని పక్కన పెట్టినదానికి బ్యాటరీ మార్పించి అమ్మకిచ్చాను, ఇప్పుడు దానిలోనే సీరియల్స్ చూస్తోంది. పగిలిన రెండింటిలో ఒకదానికి స్క్రీన్ వేయించి, శ్రీకాకుళంలో ఇంటర్ చదువుతున్న పిన్ని కొడుకుకి పంపాను. రెండోదాని స్క్రీన్ ధర ఫోన్ ధరకి దగ్గరగా ఉంది. అదీ, బ్యాటరీ ఉబ్బినదీ, అప్‌డేట్లు ఆగిపోయినదీ, మూడూ రీసైక్లర్‌కి వెళ్లాయి. ఆరోది, నాన్న కొనిచ్చిన మొదటి ఫోన్, ఇంకా డ్రాయర్‌లోనే ఉంది. దాన్ని ఇవ్వడానికి చెయ్యి రాలేదు.

నాన్నకి ఆ మాట చెబితే, "ఉంచుకో. కానీ ఇంకోటి కొనేముందు ఒకసారి ఆ డ్రాయర్ తెరిచి చూడు" అన్నారు.

ఇకనుంచి నా ప్రతి రివ్యూలో ఒక కొత్త లైన్ ఉంటుంది: బ్యాటరీ ధర, స్క్రీన్ ధర, ఎన్నేళ్లు అప్‌డేట్లు. ఈ మూడూ బాగా లేని ఫోన్‌కి కెమెరా ఎంత బాగున్నా ఫుల్ మార్కులు పడవు.